బండకు జలుబు చేస్తుందట

నిన్న ఒక మిత్రుడి ఇంట్లో ఘోరం చేశాను. నీళ్లు తాగి గ్లాసు వంటగది గట్టు మీద పెట్టాను. మావాడు ఉలిక్కిపడి లేచి, గ్లాసు ఎత్తి, కింద చెమ్మ ఉందేమోనని వంగి చూసి, మెత్తని గుడ్డతో అద్దాడు. తుడవలేదు, అద్దాడు. చంటిపిల్లల మూతి కూడా ఎవరూ అంత సుతారంగా అద్దరు.

"కొత్త గ్రానైట్ రా!"

కొత్తదా? భూమి లోపల కరిగిన రాయి లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారి, ఆపై కొండల బరువు మోసి బయటపడిన బండ అది. నా గ్లాసు చెమ్మకు దానికి జలుబు చేస్తుందట.

నిమ్మకాయ తగలకూడదట. అది పాలరాయి బాధ. పులుపు తగిలితే దాని మెరుపు పోతుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం అనే ఖనిజాలు నిమ్మరసానికి చలించవు. కత్తి గీతలని ఇంకో భయం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలతలో క్వార్ట్జ్‌ది 7, గీస్తే పోయేది కత్తి పదునే. చెబితే వినడు, షాపువాడు చెప్పాడుగా! ఆ షాపువాడే అచ్చమైన నల్ల గ్రానైట్ అనీ చెప్పాడు. ఆ పేరుతో అమ్మే రాళ్లలో చాలావరకు శాస్త్రం లెక్కలో గ్రానైటే కాదు, గాబ్రోనో డోలరైటో అనే వేరే రాళ్లు. గట్టివే, పేచీ లేదు. కానీ బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. తెల్లగుడ్డను గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో ముంచి రుద్దితే గుట్టు గుడ్డకే అంటుకుంటుంది. కొనేముందు చేయాల్సిన ఆ పరీక్ష మావాడు చేయలేదు.

ఇప్పుడు మాత్రం ప్రతి ఆదివారం నీటిచుక్క పరీక్ష చేస్తాడు. నిజానికి తేలికైన పనే. నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగాలి. అక్కడ రాయి రంగు ముదిరితే నీరు పీలుస్తున్నట్టు, రాయిలోకి ఇంకి నీటిని ఆపే సీలర్ పూయాలి. లేకపోతే మన పని మనం చూసుకోవాలి. వీళ్లింట్లో ఇంటిల్లిపాదీ గట్టు చుట్టూ నిలబడతారు. ఫోన్‌లో టైమర్. చుక్క ఆరిపోతుందని ఫ్యాన్ కట్టేస్తారు. తుమ్ము వచ్చేలా ఉన్న పిల్లాణ్ని బయటికి పంపేశారు. పది నిమిషాలయ్యాయి. చుక్క చుక్కలాగే ఉంది. అందరూ ఊపిరి వదిలారు. "ఎందుకైనా మంచిది" అంటూ మావాడు సీలర్ డబ్బా తీశాడు. పీల్చని రాయి మీద పూస్తే అదెక్కడికి పోతుంది? పైనే ఆరి మసకమసకగా పేరుకుంది. ఇప్పుడా మసకకు వైద్యం నడుస్తోంది.

రోజూ కావాల్సింది గిన్నెలు తోమే సబ్బు కొంచెం, గోరువెచ్చని నీళ్లు, పొడిగుడ్డ. నూనె మరక దిగితే వంటసోడా ముద్ద పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఒకరోజు వదిలేయాలి. నిజంగా భయపడాల్సింది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన, తుప్పు వదిలించే మందులకి. గ్రానైట్‌నీ తినేస్తాయవి. అలాంటి సీసా ఒకటి మావాడి సింకు కిందే ఉంది.

ఈ బండ బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. సింకు కోసం కన్నం కోయడానికి వచ్చిన కుర్రాడు మెషీన్‌కి నీళ్లు పెట్టబోతే, గోడలు బురదవుతాయని మావాడు వద్దన్నాడు. పొడిగానే కోశాడు. మాస్కు లేదు, మూతికి ఒక రుమాలు. బయటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లబడి ముసలివాడిలా ఉన్నాడు. దగ్గాడు. "బండ మీద తుంపర పడుతుంది, పక్కకెళ్లు" అన్నాడు మావాడు.

గ్రానైట్‌లో ఐదో వంతుకు పైగా క్వార్ట్జే. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు. వస్తే నయం కాదు. క్వార్ట్జ్ ఇంకా ఎక్కువగా ఉండే కృత్రిమ రాతిపలకల్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది, కోసేవాళ్ల ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని. ఒక బకెట్ నీళ్లు, ఒక సరైన మాస్కు ఇవ్వలేకపోయావా? చుక్కకు పది నిమిషాలు కాపలా కాస్తావు, మనిషి దగ్గితే పక్కకెళ్లమంటావు. వాడి ఊపిరితిత్తులకి ఏ సీలర్ పూస్తావురా?

ఆ కుర్రాడు మంచినీళ్లు అడిగాడు. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టబోయి, మావాడి మొహం చూసి నేల మీద పెట్టాడు.