తోడు లేకుండా వెళ్ళనిద్దాం

గోదావరి డెల్టా మనుషులకు సముద్రం దాటడం తాతల నాటి నుంచీ అలవాటే. కాకినాడలో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్ళి, అక్కడి రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన మనవాళ్ళను కోరంగి రేవు పేరు మీద బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి చొచ్చుకొచ్చినప్పుడు ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. ఆ తరువాతి తరాల్లో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం వైపు నుంచి ఆడవాళ్ళే కువైట్, మస్కట్, బహ్రెయిన్ వెళ్ళారు. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, భాష తెలియని ఇంట్లో వంటపనికో పసిపిల్లల పెంపకానికో ఒక్కరే విమానమెక్కిన ఆ తల్లుల జీతాలతో మన ఊళ్ళలో డాబాలు లేచాయి, ఆడపడుచుల పెళ్ళిళ్ళు జరిగాయి, తాకట్టులో ఉన్న కొబ్బరితోటలు విడిపించుకున్నారు.

ఆ ప్రయాణాలకు ఊరు అడ్డు చెప్పలేదు. అదే ఊళ్ళో చదువుకుని, ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి తన జీతంలో దాచుకున్న డబ్బుతో ఓ పదిరోజులు మరో దేశాన్ని ఒక్కతే చూసి వస్తానంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఏకమై వద్దంటారు. ఇంటి అవసరానికి వెళితే త్యాగం, తన కోసం వెళితే బరితెగింపు అనే ఈ లెక్క నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. విదేశాల్లో స్థిరపడిన మనం ఈ విషయంలో ఊళ్ళో పెద్దల కంటే ఏమంత మెరుగ్గా లేమన్నది ఈ వ్యాసం రాయడానికి కారణం.

మొన్నటి శీతాకాలంలో అమలాపురం దగ్గర ఉంటున్న మా అక్క కూతురు ఒంటరిగా వియత్నాం వెళ్ళివచ్చింది. ఆ దేశాన్ని ఎంచుకోవడానికి కారణం అక్కడి మెకాంగ్ డెల్టా. వరిచేలు, కొబ్బరితోటలు, ఆటుపోట్లకు పొంగి తగ్గే కాలువలు మన కోనసీమలాగే ఉంటాయట, చూడాలని ఉంది పిన్నీ అంది. ఆ మాట బయటపడిన రోజు నుంచి ఇంట్లో పంచాయితీ మొదలైంది. "ఆడపిల్లని ఒక్కత్తినీ అంతదూరం ఎలా పంపిస్తారండీ" అని వాళ్ళ పెదనాన్నగారు మా బావగారిని నిలదీశారు. అక్క నాకు ఫోన్ చేసి, అక్కడ మీ తెలుగు సంఘం వాళ్ళెవరైనా ఉంటే విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళేలా చూడమంది.

మన సంఘాల్లో ఈ కోరిక కొత్తది కాదు. ఎవరి పిల్లలు ఏ దేశం వెళ్ళినా అక్కడున్న తెలుగు కుటుంబానికి అప్పజెప్పడం, వాళ్ళు మళ్ళీ పక్క ఊళ్ళో మరో కుటుంబానికి అప్పజెప్పడం మనకు ఆచారమైపోయింది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదటి వారంలో ఆ ఆసరా అవసరమే, అందులో మనవాళ్ళు చూపే ఆప్యాయతకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ తన కాళ్ళ మీద తాను తిరిగి చూడాలని బయలుదేరిన మనిషిని కూడా ఇలా చేయి మార్చి చేయి దాటిస్తే, ఆమె ఇంటి అరుగు దిగనట్టే లెక్క. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఎవరిని నమ్మాలో తేల్చుకునే పని మరొకరు చేసిపెడితే ఆ ప్రయాణం దేనికి?

భయపడాల్సింది లేదని నేను అనడం లేదు. అర్ధరాత్రి తెలియని ఊళ్ళో దిగడం, గదికి సరైన గడియ లేకపోవడం, దారి చెబుతానంటూ వెంటపడే మనిషి, రోడ్డు ప్రమాదం, దొంగతనం అన్నీ నిజమైనవే, ఒంటరి ఆడపిల్లకు అవి మరింత బరువైనవి. అయితే తోడుంటే అన్నీ సర్దుకుంటాయన్న ధీమాను మన గోదావరే మన కళ్ళముందు కొట్టిపారేసింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతూ కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో చాలామంది అయినవాళ్ళతోనూ స్నేహితులతోనూ కలిసి బయలుదేరినవాళ్ళే. ఆ రోజు కావలసినవి నదిలో వరద ఉద్ధృతిని పట్టించుకోవడం, ఒంటిమీద లైఫ్ జాకెట్. అందుకే మా అక్కతో నేను ఎవరెవరు వెళ్తున్నారన్నది వదిలేసి, ఏమేం సిద్ధం చేసుకుందో అడగమన్నాను.

ఆ అమ్మాయి సిద్ధం చేసుకున్న తీరు చూశాక నాకు దిగులు తగ్గింది. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఈ-వీసా ఇస్తోంది కాబట్టి వీసా పని సులభంగానే అయింది. బైకు అద్దెకు తీసుకోవాలన్న సరదా మాత్రం తానే విరమించుకుంది. మన ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందానికి చెందినది, వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం పర్మిట్‌ను. చెల్లని లైసెన్సుతో బండి నడిపి దెబ్బ తగిలితే ప్రయాణ బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. అక్కడ బండ్లు అద్దెకిచ్చేవాళ్ళు ఈ సంగతి చెప్పరు, ఆ దేశం తిరిగొచ్చిన మన కుర్రాళ్ళు చాలామందికి ఇప్పటికీ తెలియదు. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం, దానితో హో చి మిన్ సిటీలో మన కాన్సులేటు నుంచి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ (ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం), ఆపైన దేశం దాటడానికి అక్కడి ఇమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలని వరుసగా ఓ చిన్న పుస్తకంలో రాసుకుంది. పోలీసుకు 113, అంబులెన్సుకు 115 అని అట్టమీదే రాసి ఉంది.

మెకాంగ్ డెల్టాలోని కాన్ థో నగరంలో తెల్లవారుజామున పడవెక్కి, నీటి మీదే జరిగే కాయ్ రాంగ్ సంతకు వెళ్ళినప్పటి సంగతులు తను చెబుతుంటే నేను చాలాసేపు ఫోన్ పెట్టలేదు. పెద్ద పడవల మీద పొడవాటి గెడలు నిలబెట్టి, ఏ పడవలో ఏం అమ్ముతారో ఆ కాయనే గెడ చివర వేలాడదీస్తారట. అనాస ఉంటే అనాస, గుమ్మడి ఉంటే గుమ్మడి. భాష తెలియకపోయినా బేరం చేయగలిగానంది. అక్కడి 20 వేల డాంగ్‌ల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉండటంతో, చీకట్లో తడబడి పెద్ద నోటు ఇవ్వకుండా ముందురోజే వేరువేరు అరల్లో పెట్టుకుందట.

ఆ సాయంత్రమే ఏటీఎం ఆమె కార్డు మింగేసింది. చుట్టూ తెలిసిన ముఖం లేదు, బ్యాంకు మూసేశారు. ఫోన్‌లో కార్డు నిలుపుదల చేసి, ఇంకో సంచిలో విడిగా దాచిన రెండో కార్డుతో గది అద్దె కట్టి, తలుపు గడియ వేసుకుని కాసేపు ఏడ్చి, ఆ తరువాత అన్నం తిన్నానని చెప్పింది. ఇంటికి మర్నాటి దాకా చెప్పలేదు. అక్క దానికి బాగా నొచ్చుకుంది. నా దృష్టిలో ఆ పిల్ల చేసిందే సరైన పని, ఎందుకంటే వెంటనే చెప్పి ఉంటే అమలాపురం నుంచి ఆరుగురు ఆరు సలహాలిచ్చేవారు, తను చేయగలదన్న సంగతి తనకే తెలిసేది కాదు.

వచ్చాక ఆమెలో మార్పు మాటల్లో పెద్దగా కనబడలేదు. కానీ సంక్రాంతి వెళ్ళాక తోటలో తన వాటా అమ్మకం విషయం వచ్చినప్పుడు, ఇంట్లో మగవాళ్ళు చూసుకుంటారులే అనకుండా తానే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం) తీయించుకుని, దస్తావేజు నకలు వాక్యం వాక్యం చదివి, సరిహద్దు తప్పు పడిందని పట్టుకుంది. ఇంతకు ముందు సంతకం పెట్టమన్నచోట పెట్టేది.

గల్ఫ్ వెళ్ళే తల్లులకు మాత్రం ఈ స్వాతంత్ర్యం దక్కకుండా చాలామంది అడ్డుపడుతున్నారని ఇక్కడే చెప్పాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికోసం దేశం విడిచి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి) అవసరమైన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే మహిళకు 30 ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలని మన దేశ నిబంధన. సబ్ ఏజెంట్లు దాన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపుతారు. 2015 నాటి కువైట్ గృహ కార్మికుల చట్టం యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంటుంది, వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. ఆ రెండు మాటలు విమానం ఎక్కకముందే తెలుగులో చెప్పేవాళ్ళు ఆ తల్లికి ఎంతమంది ఉన్నారు? సరదాకు వెళ్ళే అమ్మాయి అట్టమీద రాసుకున్న ఫోన్ నంబర్లు, బతుకుతెరువుకు వెళ్ళే తల్లి చేతిలోనూ ఉండాలి.

కాబట్టి మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. విమానాశ్రయానికి కారు పంపే జాబితాతో పాటు, పిలిస్తే తప్ప కదిలించని మనుషుల జాబితా ఒకటి తయారుచేద్దాం. ఊరుకొకరు చాలు, నంబరు ఇచ్చి ఊరుకుందాం. ఇంట్లోవాళ్ళతో ముందే ఒక ఒప్పందం చేసుకోమని ఆ పిల్లలకు చెబుదాం. రాత్రి ఒక్క మెసేజి, అది రాకపోతే మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగి, అప్పటికీ సమాధానం లేకపోతేనే మన జాబితాలోని మనిషికి ఫోన్. మా అక్క ఇంట్లో ఈ పద్ధతే పాటించారు, బయటి మనిషికి ఫోన్ చేసే అవసరం పడలేదు. గల్ఫ్ నగరాల్లో ఉన్న సభ్యులు ముందు పేర్లిస్తే, వచ్చే సంచికలోగా పని మొదలుపెట్టవచ్చు.