దొంగ ఆడిన కార్ల రేసు

భోగికి ముందురోజు తెల్లవారుజామున హైదరాబాద్ ఇంటికి తాళం వేస్తుంటే, మా సుపుత్రుడు టీవీ కింద ఉన్న గేమ్ పెట్టె స్విచ్ ఆపనివ్వలేదు. "పూర్తిగా ఆపకు నాన్నా, నిద్రలో ఉంటే చాలు" అన్నాడు. దాన్ని అత్తారింటికి మోసుకెళ్ళాలేమోనని భయపడుతున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

రావులపాలెం దాటేదాకా వాడు చెప్పిందే చెప్పాడు. గేములకి హాల్లో టీవీ అక్కర్లేని రోజులొచ్చేశాయట. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ అనే గేమ్ పెట్టెని టీవీ పక్క స్టాండులోంచి లాగి సంచీలో వేసుకుపోవచ్చు. 2022 నాటి స్టీమ్ డెక్ అయితే చేతిలో పట్టే కంప్యూటరే. వీడిది ఆ రెండూ కాదు. ఉత్త తెర, రెండు పక్కలా మీటలు. ఆట నడిపేది హైదరాబాద్‌లో ఉన్న పెట్టే. బొమ్మ ఇంటర్నెట్ మీద ఇక్కడికొస్తుంది, వీడు నొక్కిన మీట కబురు అక్కడికెళ్తుంది. అప్పుడు అక్కడి టీవీ ఏం చేస్తుందిరా అని అడగాల్సింది. అడగలేదు.

అత్తారిది రాజోలు దగ్గర పల్లెటూరు. వైఫై సిగ్నల్ డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్క చోటే నిలుస్తుంది. రాత్రి భోజనాలవగానే వాడు దుప్పటి కప్పుకుని అక్కడ సెటిలైపోయాడు. కింద అత్తయ్యగారు మర్నాటి పొట్టిక్కల కోసం పనసాకులు నాలుగేసి చేర్చి, ఈనెపుల్లలు గుచ్చి బుట్టలు కుడుతున్నారు.

పదిన్నరకి మా వాచ్‌మేన్ ఫోన్. "సార్, మీ ఇంట్ల దొంగ పడ్డడు."

పూతరేకు నోట్లో అలాగే ఉండిపోయింది. "తాళం?"

"తాళం మంచిగనే ఉంది సార్. లోపల టీవీ నడుస్తుంది. పరదా సందులకెళ్ళి చూస్తున్న. మనిషి కనబడ్తలేడు. కార్ల రేసు ఆడుతుండు."

మావయ్యగారు స్పీకర్ పెట్టించారు. "పోలీసులకి చెప్పెయ్యండి అల్లుడుగారూ, ఆయ్" అన్నారు. తాళం తియ్యకుండా దూరాడంటే ఆషామాషీ దొంగ కాడని మా బామ్మర్ది ధైర్యం చెప్పాడు. మా ఆవిడ బీరువాలో వదిలేసిన నగలు పేరుపేరునా తలుచుకోవడం మొదలెట్టింది.

"ఆట కూడా సరిగ్గ రాదు సార్ వీనికి. అగో మలుపొచ్చింది... తిప్పుతలేడు... గోడకు గుద్దిండు."

డాబా మీంచి "అబ్బా!" అని కేక.

"మల్ల లేచిండు... బురదల దిగిండు... పల్టీ కొట్టిండు సార్!"

"ఛీ, దిక్కుమాలిన నెట్టు!" మళ్ళీ డాబా మీంచే.

అత్తయ్యగారు గుచ్చబోయిన ఈనెపుల్ల అలాగే పట్టుకుని డాబా వైపు చూశారు. ఫోన్ వైపు చూశారు. "మీ దొంగ మా ట్యాంకు పక్కనున్నాడండీ" అని, పుల్ల గుచ్చి ఇంకో ఆకు అందుకున్నారు.

పెట్టె లేస్తే టీవీ కూడా దానంతటదే లేచేలా సెట్టింగ్ పెట్టింది నేనే. రోజూ రెండో రిమోట్ వెతుక్కోలేక. ఆ సంగతి ఆ రాత్రి పైకి చెప్పలేదు. అల్లుడి మర్యాద అసలే సంక్రాంతి మూడు రోజులే ఉంటుంది.

మర్నాడు రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వాచ్‌మేనే.

"సార్, బాబు ఇయ్యాల ఇంక మొదలువెట్టలేదా? పక్క బిల్డింగోళ్ళు ఇద్దరొచ్చి కూసున్నరు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ మిషన్ల పరదా పక్కకు జరిపే మీట ఏమన్న ఉన్నదా సార్?"