కొమ్ములు తిరిగిన భాగస్వామ్యం

ఆగస్టు 9 దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్. ఆదివాసీ దినోత్సవానికి టెన్షన్ ఏమిటంటారా? మర్నాడు పేపర్లో నాయకుడి ఫోటో చూడాలి కదా! నెత్తిన కొమ్ముల తలపాగా, మెడలో డోలు, ముఖాన ఎన్నికల నవ్వు. కింద ‘ఆదివాసీలతో మమేకం’ అని ఒక ముక్క. మిగతా 364 రోజులు ఏకం కానిది ఈ ఒక్కరోజు మమేకం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నేను కళ్లారా చూసిన సభ ఒకటి ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సభ పేరు ‘గిరిజన పేదరిక నిర్మూలనలో ఆదివాసీల భాగస్వామ్యం’. ఫ్లెక్సీలో సగం ఆ పేరుకే పోయింది, మిగతా సగం అయ్యగారి ముఖానికి పోయింది. ప్రభుత్వం షామియానా కింద, భాగస్వాములు ఎండలో. పదకొండుకి వస్తానన్న అయ్యగారు మూడింటికి వచ్చారు. కారు దిగీ దిగగానే ఒక కోయ పెద్దాయన నెత్తిమీది అడవిదున్న కొమ్ముల తలపాగా ఊడబెరికి ఆయనకు తొడిగారు. అది కోయల కొమ్ము నృత్యానిది. అయ్యగారు దాన్ని పెట్టుకుని నేరుగా వెళ్లి అరకు నుంచి రప్పించిన వేరే తెగల థింసా నృత్య బృందంలో దూరారు. విభూతి మీద తిరునామం దిద్దినట్టుంది. ఎవరూ కిక్కురుమనలేదు. ఆఫీసు లెక్కల్లో గిరిజనులంతా ఒకటే పద్దు కదా!

థింసాలో ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, వరసగా కదులుతారు. అయ్యగారు మధ్యలో దూరి, కుడికి వెయ్యాల్సిన అడుగు ఎడమకు వేశారు. వరస మొత్తం తూలింది. ఒకావిడ మోచేత్తో పొడిచి ‘ఇటు’ అంది. ఆయన విన్నాడు. ఆ రోజు ప్రభుత్వం ఆదివాసీ మాట విన్నది ఆ ఒక్కసారే. అంతలో కొమ్ము షామియానా తాడుకు తగులుకుంది. గన్‌మన్ తాడు లాగాడు, పీఏ కొమ్ము లాగాడు, తహసీల్దారుకు ఏం లాగాలో తెలీక మైకు లాగాడు. ఈ హడావుడిలో తలపాగా అయ్యగారితోపాటే కారెక్కింది. పెద్దాయన బట్టతల మీద తుండు కప్పుకుని కాన్వాయ్ వెంట పరుగెత్తాడు. “మా తాతలనాటిది బాబూ!” “సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకో పో” అన్నారు. పెట్టుకున్నాడు. రసీదు ఇచ్చారు. పేదరిక నిర్మూలనలో ఆయన చేతికి అందింది ఇంతవరకు ఆ రసీదే.

భాగస్వామ్యం ఎలా ఉండాలో కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు, 1996లోనే పీసా చట్టంలో, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టంలో, రాసిపెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన పథకాలకు లబ్ధిదారుల్ని గ్రామసభే ఎంపిక చేయాలి. పథకం మొదలుపెట్టే ముందు ఆమోదం తెలపాల్సిందీ, పంచాయతీ ఖర్చు సరిగ్గా పెట్టిందని సర్టిఫికెట్ ఇవ్వాల్సిందీ అదే. అంటే చింతచెట్టు కింద కూర్చున్న పెద్దమ్మ లెక్కడిగితే బిల్లులు పట్టుకొచ్చిన వాళ్లు నీళ్లు నమలాలి. నవ్వకండి, చట్టమే. దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు రాసుకోడానికి 2011 దాకా పట్టింది. పదిహేనేళ్లు! కొమ్ములు తొడుక్కోడానికి పట్టింది రెండు నిమిషాలు.

గ్రామసభ ఎప్పుడు జరిగిందో ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ రిజిస్టర్‌కి తెలుస్తుంది. తీర్మానం కింద వేలిముద్రలన్నీ భేషుగ్గా ఉంటాయి. విచిత్రమేమిటంటే అదే వేలు రేషన్ మిషన్ మీద పెడితే పడదు.

ఇక భూసేకరణ దగ్గరికొచ్చేసరికి ఈ పీసా చట్టం కూడా గ్రామసభనో పంచాయతీనో ‘సంప్రదించాలి’ అంటుంది తప్ప, వాళ్లు ఒప్పుకోవాలి అనదు. మనవాళ్లకు ఆ సందు చాలు. పెళ్లికూతుర్ని సంప్రదించాం, ఏడ్చింది, ముహూర్తం మాత్రం మారదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1/70 చట్టం ఉంది, అక్కడ ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది. అన్నీ ఉన్నాయి. అయినా వాళ్లు పేదలుగానే ఎందుకున్నారని మళ్లీ వర్క్‌షాప్! భూమి లాక్కుంటే పేదవాడవుతాడయ్యా, దానికి వర్క్‌షాప్ ఎందుకు? బిస్కెట్లూ టీ ఎందుకు?

డోలీ మోత ఎప్పుడైనా చూశారా? వెదురుకర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, కొండ దిగి, గెడ్డ దాటి, 108 ఆగే రోడ్డు దాకా మోసుకొస్తారు. కర్ర ఒరిసి భుజం కమిలిపోతుంది, భుజం మార్చుకుంటారు గానీ ఆగరు. దుప్పటి లోంచి మూలుగు వినిపిస్తూ ఉంటుంది. కొన్నిసార్లు దారిలోనే ఆగిపోతుంది. సిగ్గు లేదూ మనకి? రోడ్డు ప్రభుత్వం పని. వేయలేదు. బండి ప్రభుత్వం పని. అది పైకి రాలేదు. ఆ రెండు పనులూ ఈ మనుషులు తమ భుజాల మీద, పైసా కూలి లేకుండా చేస్తున్నారు. ప్రభుత్వంతో ఇంతకంటే భాగస్వామ్యం ఇంకెవరు చేస్తారు? వాళ్లను పిలిచి ‘మీరూ భాగస్వాములు కావాలి’ అని ఉపన్యాసమా!

ఈసారి సభకు కూడా ఆహ్వానపత్రం వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: ‘నృత్య బృందములు తమ డోళ్లు, కొమ్ములు తామే తెచ్చుకొనవలెను.’