జీడిపిక్కలూ, ఆర్టికల్ 24

తొమ్మిదో తరగతి పిల్లల్ని ప్రాథమిక హక్కులు ఎన్ని అని అడగండి, ఆరు అని ఠక్కున చెప్తారు. ఆర్టికల్ 14 సమానత్వం, 19 స్వేచ్ఛ, 21 జీవించే హక్కు అంటూ వరసగా అప్పజెప్పేస్తారు. వీటిలో ఏదైనా మీ ఇంటికి ఎప్పుడైనా పనికొచ్చిందా అంటే మాత్రం నోరు మెదపరు. వాళ్ల తప్పేం లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఇన్నేళ్లుగా సోషల్ చెప్తున్న నేనే ఆ ప్రశ్న చాలాకాలం అడగలేదు.

ఇప్పుడు ఒక పని చేయిస్తున్నాను. రాత్రికి రాత్రి ఒక ఆర్టికల్ తీసేశారనుకోండి, పొద్దున లేచేసరికి మీ ఇంట్లో ఏం మారుతుందో ఒక పేజీ రాయండి అంటాను. మొదటిసారి 19 ఇచ్చాను. అందరూ మాట్లాడే స్వేచ్ఛ గురించే రాస్తారనుకున్నాను. ఒకమ్మాయి వాళ్ల నాన్న గురించి రాసింది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లే ఆయన, రాష్ట్రం దాటడానికి పర్మిషన్ కాగితం కోసం ఆమదాలవలస స్టేషన్‌లో లైన్లో నిలబడ్డాడట, ఈలోగా రైలు వెళ్లిపోయిందట. దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అన్న ఆ రెండు క్లాజులు మా వలస ఇళ్లకు కూడుతో సమానమని ఆ పేజీ చదివాకే నాకు తట్టింది. లేకుండా పోతే తప్ప హక్కు కంటికి కనబడదు, అందుకే ఊహించమనాలి.

ఇంకోటి, తీర్పు చెప్పకుండా కేసు ఇవ్వడం. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు, కానీ తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. వాళ్లను బడి నుంచి పంపేశారు. మీరే జడ్జీలైతే ఏమంటారు? నా క్లాసులో ఎక్కువమంది పంపేయడం కరెక్టే అన్నారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమందని చెప్పాక గంట కొట్టినా వాదన ఆగలేదు.

ఒక్క జాగ్రత్త. బావులు, చెరువులు, హోటళ్లలో కులవివక్ష కూడదనే 15(2) చెప్పేటప్పుడు మీ ఊరి మ్యాప్ గీయమనడం బాగుంటుంది కానీ, దాన్ని అందరి ముందూ చదివించకూడదు. అవమానం పడ్డ పిల్లాణ్ణి మళ్లీ నిలబెట్టినట్టవుతుంది.

సిలబస్ ఎప్పుడవుతుందని తోటి టీచర్లు అడుగుతారు. నెలకో పీరియడ్ చాలు. అసలు భయం సిలబస్ గురించి కాదనిపిస్తుంది నాకు, పిల్లలు ఏం అడుగుతారో అని.

అడుగుతారు కూడా. పిల్లల్ని పనిలో పెట్టకూడదనే ఆర్టికల్ 24 చెప్పిన రోజు, పలాస వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు లేచాడు. "మాస్టారూ, ఇందులో ఫ్యాక్టరీ, గని, ప్రమాదకరమైన పని అనే ఉంది కదా. మా అమ్మ జీడిపిక్కలు ఇంటికే తెచ్చుకుంటాది, ఏడో తరగతి చదివే మా చెల్లి కూడా కూర్చుంటాది. ఇది తప్పేనా?" వాడి వేళ్ల మీద కూడా జీడి మరకలున్నాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ గురించి చెప్పాను: 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో మాత్రం బడి అయ్యాకో సెలవుల్లోనో సాయం చెయ్యొచ్చు అని. వాడు కాసేపు ఆలోచించి, "మరి పిక్కలు షావుకారివి, కూలి కిలోకింత అని ఆయనే ఇస్తాడు, ఇది మా కుటుంబ వ్యాపారం ఎలా అవుద్ది మాస్టారూ?" అన్నాడు.

ఆ ప్రశ్నను బోర్డు మీద అలాగే రాసి, తర్వాతి పీరియడ్ మొత్తం దానికే ఇచ్చాను.