ఆసక్తి సరే, దారి చూపేదెవరు?
‘ర్యాంకును కాదు, ఆసక్తిని చూసి కోర్సు ఎంచుకోండి’ అన్నారు, కోర్సుల ఎంపిక మీద వచ్చిన ఒక వ్యాసంలో. మాట బాగానే ఉంది. కానీ ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ స్టడీ అవర్లలోనే గడిపే పిల్లలకు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) తప్ప ఇంకేం చదువులున్నాయో చెప్పేదెవరు? మా అన్నయ్య కూతురు లెక్కల నోట్సు అంచుల్లో ఇళ్ల ప్లాన్లు గీస్తూ ఉండేది, తలుపు ఎటు తెరుచుకోవాలో కూడా చూపిస్తూ. భవనాల రూపకల్పన నేర్పే బీఆర్క్‌కు ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష అయిన ఎప్‌సెట్ ర్యాంకు పనికిరాదు. ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్ష నాటా గానీ జేఈఈ మెయిన్ రెండో పేపరు గానీ రాయాలి. ఆ సంగతి ఇంట్లో తెలిసేసరికి గడువులు దాటిపోయాయి. ఇక ఇంజినీరింగ్ సీటు కోసం పెట్టే వెబ్ ఆప్షన్లలో పైనుంచి కింది దాకా సీఎస్‌ఈయే పెట్టించారు (పక్కింటివారి సలహా కూడా అదేనట!). ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఒక పూట ఈ ప్రవేశపరీక్షల పేర్లన్నీ బోర్డు మీద రాసి చెప్పడానికి కాలేజీలకు ఏం అడ్డు?