పింఛన్ ఇచ్చే గుమ్మంలోనే సత్తువ కూడా చూడాలి

విశాఖలో ఆరిలోవ, హనుమంతవాక వైపు కొండవాలు కాలనీల్లో చాలా ఇళ్లకు మెట్లెక్కే చేరాలి. వయసులో ఉన్నవాళ్లకు అదో లెక్క కాదు. డెబ్బై దాటి, మోకాళ్లలో సత్తువ తగ్గిన మనిషికి మాత్రం ఆ మెట్లే ఊరి పొలిమేర. ముందు రైతుబజారు మానేస్తారు, తర్వాత గుడి, ఆఖరికి కింద ఉన్న ఆరోగ్య కేంద్రం కూడా. ‘వయసైపోయింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

సరిపెట్టుకోవాల్సిన విషయం కాదిది. వయసుతో ఒంట్లో సత్తువ ఇలా ఉడిగిపోవడాన్ని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలి బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: కావాలని తగ్గకపోయినా ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతిపట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్టీ, ఒకటో రెండో ఉంటే దాని ముందు దశ. ఆ దశలో గమనిస్తే చాలామంది మళ్లీ కోలుకోగలరు. గమనించకపోతే ఓ మామూలు జ్వరమే మంచాన పడేస్తుంది. బాత్‌రూమ్‌లో కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది.

70 ఏళ్లు నిండినవారందరికీ, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ భారత్ బీమా 2024లో వచ్చింది. మంచిదే. కానీ ఆ డబ్బు ఆస్పత్రిలో చేరాకే పనికొస్తుంది. చేరకుండా చూసేది ఎవరు?

ఆ ఏర్పాటు మన దగ్గర సగం ఉంది. నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఎన్టీఆర్ భరోసా పింఛన్ 4,000 రూపాయలు చేతిలో పెడుతున్నారు. ఇంటి గుమ్మంలో పెద్దవాళ్లను నెలనెలా చూసే ఇలాంటి వ్యవస్థ ఇంకోటి లేదు. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం ఉన్నారు, బస్తీలో ఆశా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరీక్షకు కావాల్సింది ఒక కుర్చీ, ఫోన్‌లో స్టాప్‌వాచ్. చేతుల ఆసరా లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 14 సెకన్లలో చేయలేకపోతే ఇంకాస్త లోతుగా చూడాలి. దీనికి తోడు రెండే ప్రశ్నలు: ఈమధ్య బరువు తగ్గారా, ఆకలి మందగించిందా?

ఆశాలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందన్న మాట నిజం. అందుకే జీతం పెంచకుండా, ఇంకో రిజిస్టర్ నెత్తిన పెట్టి వదిలేస్తే ఇది మొదటి నెలలోనే ఆగిపోతుంది. ప్రతి ఇంటికీ ప్రతి నెలా అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చాలు.

పరీక్షలో సత్తువ తగ్గిందని తేలినవాళ్లకు ఏం చేయాలన్నదే అసలు సంగతి. ఇందులో ఖరీదైనదేమీ లేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం వంటి కండబలం పెంచే వ్యాయామాలను బస్తీ కమ్యూనిటీ హాల్లో వారానికి రెండు మూడుసార్లు గుంపుగా చేయించాలి. బీచ్ రోడ్డు మార్నింగ్ వాక్ మంచిదే గానీ, అక్కడికి రాగలిగినవాళ్ల గురించి కాదు ఈ బెంగ. తిండిలో మాంసకృత్తులు పెరగాలి. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు గ్రాము నుంచి 1.2 గ్రాములు కావాలంటారు నిపుణులు. పళ్లూడి, చారన్నంతో పూట గడిపేవాళ్లకు అది అందదు. మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, చేప పెట్టాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి. నిద్రమాత్రలు, రకరకాల బీపీ బిళ్లలు కలిసి తూలిపోయేలా చేస్తున్నాయేమో డాక్టరే ఓసారి చూడాలి. కంటి శుక్లాలు తీయించాలి.

పింఛన్ రానివాళ్లూ ఉన్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఎంవీపీ కాలనీ ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటున్న దంపతుల తలుపు ఎవరూ తట్టరు. అక్కడ అపార్ట్‌మెంట్ సంఘాలు ఏఎన్ఎంను పిలవాలి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ ముందుగా ఒక కొండవాలు వార్డులో, ఒక ఫ్లాట్ల వార్డులో దీన్ని ఏడాది పాటు నడిపి, పడిపోయినవాళ్ల లెక్క, ఆస్పత్రిలో చేరినవాళ్ల లెక్క జనం ముందు పెట్టాలి.