ఐదు పుస్తకాలు ఇచ్చేశాను, ఆరోదాని కోసం ఇక చూడను

పోయిన ఆదివారం మా ఇంట్లో పుస్తకాల షెల్ఫ్ పై అర ఖాళీ చేశాను. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అనే ఊహాలోకపు నవలల సీరీస్ ఐదు పుస్తకాలూ ఒక గుడ్డసంచిలో సర్ది, మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ కొడుక్కి ఇచ్చేశాను. ఆ పిల్లవాడు ఇక్కడే తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. సంచి అందుకుంటూ "ఆంటీ, ఆరోది ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. "తెలీదు నాయనా. మూడోది అయ్యాక ఆపేసినా నష్టం లేదు" అని మాత్రం చెప్పి పంపించాను. గుమ్మంలో నిలబెట్టి చెప్పే సంగతి కాదు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆ పుస్తకాలు మొదలుపెట్టింది 2012లో. అప్పుడు ఆఫీసు పని మీద తరచూ చెన్నై వెళ్ళి రావాల్సి వచ్చేది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, పుత్తూరు ఎప్పుడు దాటిందో, తిరుత్తణి ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. మూడో పుస్తకంలో ఒక పెళ్ళి విందు ఉంది. చదివినవాళ్ళకి నేను దేని గురించి అంటున్నానో అర్థమవుతుంది. అరక్కోణం దగ్గర ఆ అధ్యాయం ముగిసింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, సెంట్రల్ వచ్చేదాకా మళ్ళీ తెరవలేకపోయాను. ఒక రచయిత నన్ను అంతలా పట్టుకోవడం అదే మొదటిసారి.

మొదటి పుస్తకం 1996లో వచ్చింది. రెండోది 1998, మూడోది 2000. అక్కడి నుంచి నడక మారింది. నాలుగోదానికి 2005 దాకా, ఐదోదానికి 2011 దాకా పట్టింది. ఆ తర్వాత ఆరోది రాలేదు. మొత్తం ఏడు ఉండాలి. నేను ఐదూ చదివి ముగించేనాటికి నాకు పెళ్ళి కాలేదు. ఇప్పుడు మా పాప ఆరో క్లాసు.

ఆలస్యం ఎందుకైందో నాకు తెలియక కాదు. మార్టిన్ మొదట దీన్ని మూడు పుస్తకాలుగా అనుకున్నారు. కథ పెరిగింది. మూడో పుస్తకం తర్వాత కథలో ఐదేళ్ళు దాటించేసి, పిల్లల పాత్రల్ని పెద్దవాళ్ళని చేసి మొదలుపెట్టాలనుకుని, అది కుదరక మానేశారు. ఆ ఐదేళ్ళలో జరిగేవన్నీ రాయాల్సి వచ్చింది. రాసింది మరీ పెద్దదైతే పాత్రల్ని రెండుగా పంచి, సగం మందిని నాలుగో పుస్తకంలో, మిగతా సగాన్ని ఐదో పుస్తకంలో పెట్టారు. ఈలోగా 2011 ఏప్రిల్‌లో ఈ కథతోనే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరీస్ మొదలై, పుస్తకాలను దాటి వెళ్ళిపోయి, 2019 మేలో 8 సీజన్లతో ముగిసిపోయింది. ఒక మనిషి ఎంత కష్టపడుతున్నాడో నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ 2018లో అదే లోకం పాత చరిత్ర మీద ఆయన ఇంకో లావుపాటి పుస్తకం వేసినప్పుడు, అదీ రెండు భాగాల్లో మొదటిదని తెలిసినప్పుడు, నాకు నిజంగా నీరసం వచ్చింది.

ఇలాంటిదే ఇంకోటి ఉంది నా దగ్గర. ప్యాట్రిక్ రాత్‌ఫస్ రాసిన ‘కింగ్‌కిల్లర్ క్రానికల్’. ఒక సత్రం నడిపే మనిషి తన జీవిత కథను మూడు రోజుల్లో చెప్తానంటాడు. రోజుకో పుస్తకం. మొదటి రోజు 2007లో వచ్చింది, రెండో రోజు 2011లో. మూడో రోజు ఇంకా తెల్లవారలేదు. ఆ సత్రంలో రెండో రాత్రి దగ్గరే పాఠకులందరం కూర్చుని ఉన్నాం.

ఎదురుచూడటం ఎలాగో తిరుపతి వాళ్ళకి ఒకరు నేర్పించాలా? వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక కంపార్ట్‌మెంట్ నుంచి ఇంకో కంపార్ట్‌మెంట్‌కి గంటలు గంటలు జరిగే జనాన్ని చూస్తూ పెరిగినవాళ్ళం. అలిపిరి నుంచి 3,550 మెట్లు మోకాళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు నిత్యం ఎదురుపడతారు. ఎవరూ విసుక్కుని మధ్యలో దిగిపోరు. ఎందుకంటే పైన గుడి ఉంది. ఇరవై గంటలు పట్టినా తలుపు తెరుచుకుంటుందని తెలుసు. "గమ్యం దేనికి, ప్రయాణమే ఆనందం" అని నాతో వాదించే స్నేహితులు ఇద్దరున్నారు. మెట్లదారిలో నాకూ ఆనందం ఉంది, గాలిగోపురం దగ్గర కూర్చుని కింద ఊరిని చూడటం నాకు ప్రాణం. కానీ గాలిగోపురం దాకానే మెట్లు కట్టి, మిగతావి ఎప్పుడు కడతామో చెప్పలేం అంటే, నడకకని ఎంతమంది వస్తారు?

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలైలో వచ్చి, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ చివర్లో జవాబు వచ్చింది. ఆ మధ్య కాలమంతా ఆఫీసులో, బస్సులో, పెళ్ళిళ్ళలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నాం. ఆ ఎదురుచూపు పండగలా ఉండింది. కాబట్టి నేను ఆగలేనిదాన్ని కాదు. వారపత్రికల ఇంట్లో పుట్టినదాన్ని.

మా అమ్మ చిత్తూరులో ఉంటుంది, కట్టమంచిలో. నా చిన్నప్పుడు ఆమె వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేది. పైన అట్టగా పాత క్యాలెండరు కాగితం. అందులో స్వామి బొమ్మ ఉన్న కాగితాన్ని మాత్రం వాడనిచ్చేది కాదు. అలా కుట్టినవి పాతిక దాకా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పక్కింట్లో ఒక తమిళ అత్త ఉండేది. వాళ్ళమ్మ కుట్టి దాచిన ‘పొన్నియిన్ సెల్వన్’ ఆమె దగ్గర ఉండేది. 1950 నుంచి 1954 దాకా వారం వారం కల్కి రాసిన నవల అది. అత్త చదివి, మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చుని అమ్మకి తెలుగులో చెప్పేది. ఇక ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌కైతే ఒక భాగానికీ ఇంకో భాగానికీ నెల. మాంత్రికుడు కత్తి ఎత్తితే అది దిగడానికి ముప్పై రోజులు పట్టేది. పట్టినా, దిగేది. ‘సశేషం’ అని ఉన్న చోట ఏదో ఒకరోజు ‘సమాప్తం’ కనిపించేది. వారం వారం పేజీలు నింపాల్సిన రచయితకి ఆగే వీలు లేదు. ఆ ఒత్తిడిలో నాసి రచనలూ చాలా వచ్చాయి, అది ఒప్పుకుంటాను.

అమ్మ కుట్టినవాటిలో ఒకదానికి ముగింపు లేదు. నాయనకి పలమనేరు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు సామాన్ల హడావుడిలో మూడు సంచికలు తప్పిపోయాయి. ముప్పై ఒకటో వారం దగ్గర పురికొస ముడి పడింది. నేను పుస్తకాలు ఇచ్చేస్తున్నానని ఫోన్‌లో చెప్పినప్పుడు అమ్మ ఒప్పుకోలేదు.

"ఎందుకిస్తావు మే? నాకు పాతిక సీరియళ్ళు ఉండాయి. అన్నిట్లో ఆ అయిపోనిదే గుర్తుండాది. ఆ పిల్ల రైలెక్కిందా లేదా అని ఇప్పుడికీ అనుకుంటా ఉంటా."

రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మ చెప్పింది నిజమే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే తేడా కనిపించింది. అమ్మకి దొరకని మూడు సంచికలు ఎక్కడో ఉన్నాయి. ఎవరో చదివారు. ఆ పిల్ల రైలెక్కిందో లేదో ఆ రచయిత రాసేశాడు. ఏ పాత పుస్తకాల షాపులోనో రేపు దొరికినా దొరకొచ్చు. నేను ఎదురుచూస్తున్న ముగింపు ఎవరి దగ్గరా లేదు. అసలు పుట్టలేదు. అమ్మది దారి తప్పిపోవడం. నేను బయల్దేరిన ఊరిని ఇంకా కట్టలేదు.

ఈ తేడా గురించి ఆలోచిస్తుంటేనే మన భారతం గుర్తొచ్చింది. 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు, అదీ నన్నయ రాసినట్టుగానే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా. నన్నయ చివరి పద్యంలో శరత్కాలపు రాత్రి ఉంది. ఎర్రన తెల్లవారడంతో ఎత్తుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండు పద్యాల మధ్య ఖాళీ తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది సాధ్యమైంది ఎందుకు? వ్యాసుడి భారతం అప్పటికే ఉంది కాబట్టి. పాండవులు అడవిలోంచి ఎటు వెళ్తారో అందరికీ తెలుసు. చెప్పేవాడు పోయినా కథ పోలేదు.

ఈ కాలంలోనూ అలా ఒకటి జరిగింది. రాబర్ట్ జోర్డన్ 1990లో ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే నవలల సీరీస్ మొదలుపెట్టి, 2007లో జబ్బుతో పోయారు. కానీ పోయేముందు కథ ఎటు వెళ్ళాలో ఇంట్లోవాళ్ళకి చెప్పారు, నోట్స్ వదిలారు. ఆయన భార్య హ్యారియెట్ మెక్‌డూగలే ఆయన ఎడిటర్ కూడా. మిగతాది రాయడానికి ఆవిడ బ్రాండన్ శాండర్సన్ అనే రచయితని ఎంచుకుంటే, ఒక్క పుస్తకంలో అవుతుందనుకున్నది మూడై, 2013లో పద్నాలుగో పుస్తకంతో ముగిసింది. తన చావు ముందే తెలిసిన మనిషి, తన పాఠకుల గురించి ఆలోచించాడు. నాకు ఆయన కథనం అంతగా నచ్చదు, మధ్య పుస్తకాలు చాలా సాగుతాయి. కానీ ఆ ఒక్క పనికి ఆయనంటే నాకు చెప్పలేనంత గౌరవం.

"రచయిత నీ పనివాడా? నువ్వు కొన్నది ఆ ఒక్క పుస్తకాన్నే" అనే మాట చాలాసార్లు విన్నాను. సరే, రచయితకి బాధ్యత లేదు. మరి పాఠకురాలికి మాత్రం ఎందుకుండాలి? అట్ట మీద మొదటి భాగం అని వేసి అమ్మడమంటే రెండో భాగం ఉంటుందని చెప్పడమే. ఆ మాట కట్టుబాటు కాదంటే, నా ఎదురుచూపూ కట్టుబాటు కాదు. ఇన్నేళ్ళూ నేను వదిలేస్తే ఏదో ద్రోహం చేసినట్టు ఫీలయ్యాను. కొత్త వార్త ఏమైనా వచ్చిందా అని నెలకోసారి వెతికాను. ఆరోది వస్తే ముందు ఐదూ మళ్ళీ చదవాలి, నాలుగు వేల పేజీల పైమాటే. సగం పేర్లు మర్చిపోయాను. అప్పుడు రైల్లో చదివిన అమ్మాయికి రాత్రంతా మేలుకునే ఓపిక ఉండేది. ఇప్పుడు నాకు పొద్దున ఐదున్నరకి క్యారేజీలు కట్టే పని ఉంది. రోజుకి చదవడానికి నలభై నిమిషాలు మిగులుతాయి. వాటిని ఎవరికి ఇస్తానన్నది నాకు చిన్న విషయం కాదు.

నిజానికి నన్ను ఈ నిర్ణయానికి తెచ్చింది ఆ పెద్ద పుస్తకాలు కూడా కాదు. ఫోన్‌లో ఒక కథల యాప్‌లో చదివిన తెలుగు సీరియల్. రాసినావిడ ఎవరో తెలియదు, కలం పేరు. మదనపల్లె వైపు టమోటా రైతు కుటుంబం కథ. అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటుంటే మా ఊరి ఆడవాళ్ళే మాట్లాడుతున్నట్టు ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకి భాగం వచ్చేది. డబ్బులు కట్టి మరీ చదివాను. 143వ భాగంలో కోడలు మార్కెట్ యార్డులో ధర అడగడానికి లారీ దిగింది. అంతే. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు, ఏడాది దాటింది. ఆమెకి ఒంట్లో బాగుందో లేదో, ఇంట్లో రాయనిచ్చారో లేదో అని ఎన్ని రాత్రులు దిగులు పడ్డానో. ఆమె ఎక్కడున్నా క్షేమంగా ఉండాలి. కానీ ఆ దిగులు ఇంకోసారి పడే శక్తి నాకు లేదు.

కాబట్టి ఇక నుంచి, ముగిసిందని తెలిశాకే సీరీస్ మొదలుపెడతాను. అందరూ నాలాగే అనుకుంటే మొదటి పుస్తకం అమ్ముడుపోదు, అది అమ్ముడుపోకపోతే పబ్లిషర్ రెండోది వేయడు, కొత్తవాళ్ళు నష్టపోతారు. ఇది నాకు తెలుసు, బాధగానే ఉంది. తెలుగులో కొత్తగా రాసేవాళ్ళ మొదటి భాగం కొంటాను. డబ్బు ఇస్తాను, షెల్ఫ్‌లో చోటు ఇస్తాను. చివరి భాగం వచ్చిన రోజు మొదటిది తెరుస్తాను. అంతకంటే నా వల్ల కాదు.

ఇప్పుడు రాత్రిళ్ళు టీటీడీ అచ్చువేసిన కవిత్రయ భారతం చదువుతున్నాను. అర్థతాత్పర్యాలు చూసుకుంటూ రోజుకి ఏడెనిమిది పద్యాలు. సభాపర్వంలో ఉన్నాను.

రాత్‌ఫస్ రెండు పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, పేజీలు నలగలేదు. తిరుపతిలో ఉన్నవాళ్ళు ఎవరైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి. మూడోది వస్తోందట అన్న వార్తలు మాత్రం నాకు పంపకండి. అది నిజంగా వచ్చి, మీరు ఆఖరి పేజీ దాకా చదివేశాక రండి. కాఫీ కలుపుతాను. ఆ సత్రం మనిషి ఏమయ్యాడో కూర్చుని చెప్పండి.